తోక ఎముక నొప్పికి పైపూతలు: పరీక్షించి వాడే విధానం

(దేవస్థాన ప్రాంగణంలో జరిగిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఈనాటి ప్రసంగ విషయం సభలో ప్రస్తావించడానికి చాలామంది సంకోచించేది. వెన్నెముక చిట్టచివర, పిరుదుల నడుమ ఉండే ఒక చిన్న ఎముక నొప్పిని గురించి మనవి చేయదలచాను. మోకాలి నొప్పిని పదిమందిలో చెప్పుకుంటాము. నడుము నొప్పిని అడగకపోయినా చెప్పుకుంటాము. ఈ నొప్పిని మాత్రం, ముఖ్యంగా స్త్రీలు, కన్నకూతురికైనా చెప్పుకోలేరు. మందుల దుకాణంలో ఇచ్చిన గొట్టం, పొరుగింటివారు పంపిన సీసా, అటకమీది తైలం ఒకదాని తరువాత ఒకటి రాసుకుంటూ నెలలూ సంవత్సరాలూ గడుపుతారు. సత్యనారాయణ వ్రతానికి పీటమీద కూర్చోలేరు. పురాణ శ్రవణానికి వచ్చి, పావుగంటకే లేచి స్తంభాన్ని ఆనుకొని నిలబడతారు. వారు రాసుకొనే పూతలలో ఏది నిజంగా మేలు చేస్తున్నదో, ఏది కేవలం కాలహరణమో తెలుసుకొనే మార్గం ఒకటి ఉన్నది. ఆ మార్గాన్ని వివరించడమే నా ఉద్దేశం.

ముందుగా ఆ ఎముక స్వరూపం చూద్దాము. త్రికాస్థికి దిగువన ఉన్నది కనుక దీనిని అనుత్రికాస్థి అంటారు. వాడుకలో తోక ఎముక. మూడు నుంచి ఐదు వరకు, సాధారణంగా నాలుగు, చిన్న వెన్నుపూసలతో ఇది ఏర్పడుతుంది. దీని ఆకారం కోకిల ముక్కును పోలి ఉన్నదని ప్రాచీన గ్రీకులు ఆ పక్షి పేరే దీనికి పెట్టారు. నేటి వైద్యులు వాడే కాక్సిక్స్ అనే మాట అక్కడినుంచి వచ్చినదే. ఎడింబరో నగరానికి చెందిన ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1859లో ఈ నొప్పికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. పురుషులకంటే స్త్రీలలో ఇది సుమారు ఐదు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. కనుక ఇది ఏ ఒక్కరికో వచ్చిన వింత వ్యాధి కాదు. సిగ్గుపడవలసిన వ్యాధి అంతకన్నా కాదు.

ఎముక చిన్నదే గాని దానిపై పడే భారం చిన్నది కాదు. మనం కూర్చున్నప్పుడు శరీరభారాన్ని రెండు పిరుదుల ఎముకలూ ఈ అనుత్రికమూ కలిసి మోస్తాయి. వెనుకకు వాలి కూర్చున్నకొద్దీ దీని వంతు పెరుగుతుంది. మెట్లమీదనో స్నానాల గదిలోనో జారి కూలబడడం, కష్టమైన ప్రసవం, గతుకుల దారిలో దీర్ఘ ప్రయాణాలు, గట్టి ఆసనంపై గంటల తరబడి కూర్చోవడం, స్థూలకాయం దీనికి ముఖ్య కారణాలు. ఏ కారణమూ కనిపించకుండా వచ్చే నొప్పి కూడా ఉన్నది. ఎక్కువమందికి కొన్ని వారాలలో, కొన్ని నెలలలో సామాన్య ఉపచారాలతోనే ఉపశమిస్తుంది. మూడు నెలలు దాటినా వదలనిదానిని దీర్ఘకాలిక నొప్పిగా పరిగణించాలి.

ఏ పూతనైనా పరీక్షించడానికి ముందు ఒక నియమం. నొప్పి ఎక్కడిదో నిర్ధారణ కావాలి. ఆ ప్రదేశంలో వాపు, ఎరుపు, చీము, స్రావం ఉంటే అది ఎముక నొప్పి కాకపోవచ్చు. చర్మం కింద ఏర్పడిన గడ్డ గాని నాళవ్రణం గాని కావచ్చు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, మలంలో రక్తం, చేతికి తగిలే కంతి, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండడం, వీటిలో ఏది ఉన్నా పూతల జోలికి పోకుండా వైద్యుని చూడాలి. మూత్రం గాని మలం గాని అదుపు తప్పినా, మూత్రం రాకుండా నిలిచిపోయినా, పిరుదుల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లు బలహీనమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. లజ్జవల్ల జరిగే ఆలస్యం ఇక్కడ అవయవానికీ, ఒక్కొక్కసారి ప్రాణానికీ ముప్పు తెస్తుంది. స్త్రీ వైద్యురాలిని కోరడం మీ హక్కు. తోడుగా ఒకరిని వెంటబెట్టుకొని వెళ్లవచ్చును.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. "నాకు ఆ నూనెతో తగ్గింది" అని ఒకరంటారు. "నాకు ఆ జెల్ పని చేసింది" అని మరొకరంటారు. ఇద్దరూ సత్యమే పలుకుతున్నారు. నొప్పి తగ్గిన మాట నిజం. తగ్గించినది ఆ నూనేనా, ఆ జెల్లేనా అన్నదే సందేహం. ఈ సందేహానికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది నొప్పి స్వభావం. దీర్ఘకాలిక నొప్పికి ఆటుపోటులు ఉంటాయి. మనం మందు కొనడానికి బయలుదేరేది నొప్పి పరాకాష్ఠలో ఉన్న రోజున. పరాకాష్ఠ తరువాత వచ్చేది ఎలాగూ దిగుదలే. ఆ సమయంలో ఏది చేతిలో ఉంటే దానికే ఆ ఖ్యాతి దక్కుతుంది.

రెండవది రాసే చేయి. మర్దనకూ, గోరువెచ్చదనానికీ, ఒకరు దగ్గర కూర్చొని సేవ చేయడానికీ నొప్పిని తగ్గించే శక్తి ఉన్నది. పూత రాసుకొన్న తరువాత కాసేపు పక్కకు ఒరిగి పడుకుంటాము; ఆ విశ్రాంతి కూడా ఒక ఔషధమే.

మూడవది విశ్వాసం. తగ్గుతుందనే ఆశ మనస్సులో ఉన్నప్పుడు నొప్పి తీవ్రత నిజంగానే తక్కువగా అనుభవానికి వస్తుంది. ఇందుకు ఒక లెక్క చెబుతాను. కీళ్లవాతంపై జరిగిన పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. ఆరు నుంచి పన్నెండు వారాలు డైక్లోఫెనాక్ పైపూత వాడినవారిలో నూటికి సుమారు 60 మందికి నొప్పి గణనీయంగా తగ్గింది. మందు కలపని ఉత్త జెల్ రాసుకొన్నవారిలో కూడా నూటికి సుమారు 50 మందికి తగ్గింది. అంటే మందు అదనంగా ఇచ్చిన ప్రయోజనం నూటికి పదిమందికి. ఆ పదిమందికి అది విలువైనదే. మిగిలిన యాభైమంది కూడా ఆ గొట్టానికే నమస్కరిస్తారు.

ఆ పదిమందిలో మనం ఉన్నామో లేదో తెలుసుకోవడం ఎలా? దీనికి సమాధానం పోలిక. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు స్కర్వీ వ్యాధి సోకిన పన్నెండుమంది నావికులను ఇద్దరిద్దరుగా ఆరు జతలు చేసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క చికిత్స ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మజాతి పండ్లు తిన్న జత త్వరగా కోలుకొన్నది. పోల్చి చూడడమే ఆయన చేసిన పని. కాని మన ఇంట్లో పన్నెండుమంది రోగులు ఉండరు, ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరిలోనే పోలిక ఎలా చేయవచ్చునో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గయాట్, ఆయన సహచరులు 1986లో చూపించారు. ఒకే రోగికి కొంతకాలం మందు ఇవ్వడం, కొంతకాలం ఆపడం, మళ్లీ ఇవ్వడం, ప్రతి దశలోనూ బాధను అంకెలలో నమోదు చేయడం దాని సారాంశం. ఏకరోగి పరీక్ష అని దానిని పిలుచుకొందాము. దాని సరళమైన రూపాన్ని మీ వైద్యునికి తెలిపి మీరు ఇంట్లోనే ఆచరించవచ్చును.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి రాత్రీ పడుకోబోయే ముందు నాలుగు సంగతులు రాయండి. ఆనాటి నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత? పీటమీద గాని కుర్చీలో గాని నొప్పి మొదలయ్యేవరకు ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారు? ఇతర మాత్రలు ఏమైనా వేసుకొన్నారా? ప్రయాణం, పండుగ పని, మలబద్ధకం వంటి విశేషం ఏమైనా ఉన్నదా? నిన్నటి పుట తిప్పి చూడకుండా రాయడం మంచిది; చూస్తే మనస్సు నిన్నటి అంకెకు కట్టుబడిపోతుంది.

మొదటి వారం కొత్త పూత ఏదీ వద్దు. ఉన్న స్థితిని ఉన్నట్లు నమోదు చేయండి. తరువాత రెండు వారాలు ఒకే ఒక పూత, ఒకే మోతాదులో, ఒకే వేళకు. ఆ తరువాత ఒక వారం విరామం. మళ్లీ రెండు వారాలు అదే పూత. ఈ ఆరు వారాలలో ఆసనం, దిండు, వ్యాయామం, మాత్రలు ఏవీ మార్చకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం ఏ మార్పుదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ఇప్పుడు అంకెలు ఎలా చదవాలో ఒక ఊహాజనితమైన ఉదాహరణతో చెబుతాను. ఒక గృహిణి పుస్తకంలో మొదటి వారం సగటు 6. పూత వాడినప్పుడు 4. విరామంలో మళ్లీ 6. తిరిగి వాడినప్పుడు 4. ఈ పూత ఆమెకు పని చేస్తున్నదని గట్టిగా అనుకోవచ్చును. మరొకరి పుస్తకంలో మొదటి వారం 6, పూతతో 4, విరామంలో కూడా 4, తిరిగి వాడినా 4. ఈమె నొప్పి తనంతట తానే తగ్గుతున్నది. పూతకు అక్కడ పని లేదు. మొదటి మూడు వారాలు మాత్రమే చూసి ఉంటే ఇద్దరూ ఒకే మాట చెప్పేవారు. విరామవారమే వారిద్దరి మధ్య భేదాన్ని బయటపెట్టింది. అందువల్ల నొప్పి తగ్గిందనే సంతోషంలో ఆ వారాన్ని దాటవేయవద్దు.

ఎంత తగ్గితే తగ్గినట్లు? పది అంకెల కొలతలో సుమారు రెండు అంకెలు, లేదా ఉన్న నొప్పిలో మూడవ వంతుకు దగ్గరగా తగ్గితే రోగికి తేడా తెలుస్తుందని పరిశోధకులు సాధారణంగా స్వీకరిస్తారు. ఈ గీతను పరీక్ష మొదలుపెట్టక ముందే పుస్తకం మొదటి పుటలో రాసుకోండి. తరువాత గీస్తే మనకు ఇష్టమైనచోట గీస్తాము.

ఇక ఏ పూత ఎలా పని చేస్తుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో చూద్దాము. డైక్లోఫెనాక్ వంటి జెల్‌లు వాపును పుట్టించే రసాయనాలను అడ్డుకుంటాయి. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. వీటికి బలమైన రుజువులు ఉన్నది మోకాలు, చేతివేళ్ల కీళ్లవాతంలోనూ, బెణుకులలోనూ. తోక ఎముక చర్మానికి దగ్గరగా ఉన్నందున ప్రయత్నించడం సమంజసమే. మూత్రపిండాల వ్యాధి, కడుపులో పుండ్లు, ఆస్పిరిన్‌తో ఉబ్బసం వచ్చేవారు, గర్భవతులు వైద్యుని అడగకుండా వాడరాదు.

లిడొకేన్ ఉన్న లేపనాలు, పట్టీలు చర్మంలోని నరాలను మొద్దుబారుస్తాయి. వైద్యుడు చెప్పిన కాలపరిమితికి మించి ఉంచకూడదు. పగిలిన చర్మంపై వేయకూడదు.

కర్పూరం, పిప్పరమెంటు పువ్వు కలిసిన బామ్‌లు చర్మంలోని వేడిని, చల్లదనాన్ని గుర్తించే గ్రాహకాలను ప్రేరేపించి నొప్పిపై ధ్యాసను మళ్లిస్తాయి. ఆ ఉపశమనం కొద్దిసేపటిది. హారతి కర్పూరాన్ని కొబ్బరినూనెలో కరిగించి ఇంట్లో నిలవచేసే అలవాటు మనలో ఉన్నది. చిన్నపిల్లలు దానిని కొద్దిగా మింగినా మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉన్నది కనుక ఆ సీసాను అందకుండా పెట్టాలి. కొన్ని బామ్‌లలో ఉండే మిథైల్ సాలిసిలేట్ చర్మం గుండా రక్తంలో చేరుతుంది. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవారికి దానివల్ల రక్తస్రావ ప్రమాదం పెరుగుతుంది. బామ్ రాసిన చోట వేడినీళ్ల సంచి పెడితే చర్మం కాలుతుంది.

మిరపలోని ఘాటుకు మూలమైన కాప్సైసిన్ కూడా పైపూతగా లభిస్తుంది. ఆ ఘాటును గ్రహించే ద్వారాన్ని నాడీకణాలలో కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. మొదట మంట పుట్టించి, పదేపదే రాస్తూ పోగా ఆ నరాల చివరలను అలసిపోయేలా చేయడం దాని పద్ధతి. రోజుకు మూడు నాలుగుసార్లు, కొన్ని వారాలు వాడితేగాని దాని గుణం తెలియదు. కనుక దాని పరీక్షాకాలం రెండు వారాలకు బదులు నాలుగు వారాలు ఉండాలి. కాని మన విషయంలో ఒక పెద్ద చిక్కు ఉన్నది. తోక ఎముకకు అంగుళాల దూరంలోనే మలద్వారం, జననాంగాలు ఉన్నాయి. చెమటతో కలిసి ఆ సున్నితమైన పొరలకు జారితే భరించరాని మంట పుడుతుంది. వైద్యుని సలహా లేకుండా ఇక్కడ దానిని వాడవద్దు. ఇంట్లో గుంటూరు మిరపకాయలు నూరి పట్టువేసే సాహసం అసలే వద్దు. దానిలో ఘాటు ఎంత ఉన్నదో కొలిచి చెప్పగలవారు ఎవరూ ఉండరు.

మహానారాయణ తైలం వంటి ఆయుర్వేద తైలాలు, ఆముదం, వావిలాకు కాపడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవి. వీటిని తేలికగా తీసివేయనక్కరలేదు. గుడ్డిగా నమ్మనూ అక్కరలేదు. వీటికీ అదే పుస్తకం, అదే విరామవారం. తైలం గుణాన్ని మర్దన గుణంనుంచి వేరుచేసి చూడాలంటే ఒక దశలో ఔషధ తైలంతోనూ, మరొక దశలో ఉత్త నువ్వులనూనెతోనూ అదే చేయి, అంతే సేపు రాయాలి. రెండింటికీ ఒకే అంకె వస్తే మీకు మేలు చేసినది మర్దన. అప్పుడు ఖరీదైన సీసా కొనవలసిన పని లేదు. పసుపు, సున్నం కలిపిన పట్టు, జిల్లేడు పాలు మాత్రం ఈ ప్రదేశంలో వాడకండి. సున్నం, జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కించగలవు.

ఏ పూత అయినా రాసేది ఎముకపైన, పిరుదుల చీలిక మొదట్లోనే, లోపలికి కాదు. ముందుగా ముంజేతిపై కొద్దిగా రాసి ఒక రోజు చూడాలి. పొడి చర్మంపై రాయాలి, ఆరిన తరువాతనే వస్త్రం కప్పాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దద్దురు, పొక్కులు వస్తే పరీక్ష అక్కడితో ముగిసినట్లే.

పుస్తకం మొత్తం నింపిన తరువాత ఏ పూతా పని చేయలేదని తేలితే నిరాశపడవద్దు. అది కూడా ఒక ఫలితమే. కూర్చున్నప్పుడల్లా ఎముక కీలు కదిలి, భారం పడి పుట్టే నొప్పిని చర్మంపై రాసిన లేపనం కొంతవరకే తాకగలదు. భారాన్ని తొలగించడం మరొక మార్గం. వెనుక భాగంలో కోత ఉన్న దిండుపై కూర్చుంటే తోక ఎముక గాలిలో ఉంటుంది. కొద్దిగా ముందుకు వంగి కూర్చోవడం, అరగంటకొకసారి లేవడం, నీరు, పీచుపదార్థాలు తీసుకొని మలబద్ధకం లేకుండా చూసుకోవడం, కటితలపు కండరాలకు ఫిజియోథెరపీ చేయించుకోవడం, ఇవన్నీ తరువాతి మెట్లు. నిలుచున్నప్పుడు, కూర్చున్నప్పుడు వేరువేరుగా తీసిన ఎక్స్‌రేలను పోల్చి ఎముక ఎక్కువగా కదులుతున్నదో లేదో వైద్యులు చూడగలరు. అవసరమైతే సూదిమందు ఇస్తారు. శస్త్రచికిత్స చిట్టచివరిది, కొద్దిమందికే. మీరు నింపిన ఆ పుస్తకాన్ని వైద్యుని చేతిలో పెట్టండి. "అన్నీ వాడాను, ఏదీ పనిచేయలేదు" అనే మాటకంటే ఆరు వారాల అంకెలు ఆయనకు ఎక్కువ దారి చూపుతాయి.

చివరగా భక్తులకు ఒక విన్నపం. ఆసనానికి పతంజలి యోగసూత్రాలలో చెప్పిన లక్షణాలు రెండే: అది స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. నొప్పిని పళ్ల బిగువున భరిస్తూ నేలమీద కూర్చోవడం భక్తికి కొలబద్ద కాదు. పారాయణ మండపంలో ఎవరైనా కుర్చీ వేసుకొన్నా, దిండు వెంట తెచ్చుకొన్నా, మధ్యలో లేచి నిలబడినా వింతగా చూడకండి. ఇంట్లో పెద్దావిడ పీటమీద కూర్చోవడానికి వెనుకాడుతుంటే, "ఎందుకమ్మా, కూర్చుంటే నొప్పిగా ఉన్నదా?" అని మృదువుగా అడగండి. ఆ ప్రశ్న కోసం ఆమె ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నదో! అడిగిన రోజే ఒక నోటుపుస్తకం కొని ఆమె చేతికి ఇవ్వండి.